షిప్‌స్టర్న్ బ్లఫ్: ఒడ్డున కూర్చున్న నాలుగు గంటలు

(విశాఖపట్నంలో సర్ఫింగ్ చేసే యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్నవాళ్లలో కొందరి జుట్టు ఇంకా ఆరలేదు. పొద్దున రుషికొండలో మిమ్మల్ని దూరం నుంచి చూశాను. బోర్డు చంకలో పెట్టుకుని ఇసుక మీద పరుగెత్తుకుంటూ వచ్చి, ఆగకుండా నీళ్లలోకి దూకేశారు. ఆ ఉత్సాహం నాకు చాలా నచ్చింది. ఇవాళ నేను చెప్పబోయేదానికీ ఆ పరుగుకీ సంబంధం ఉంది. చివర్లో దాని దగ్గరికి వస్తాను.

ప్రపంచంలోని పెద్ద పెద్ద కెరటాల గురించి చెప్పమని నన్ను పిలిచారు. నేను ఒకే ఒక్క కెరటం గురించి చెబుతాను. దాని పేరు షిప్‌స్టర్న్ బ్లఫ్. ఆస్ట్రేలియాకి దక్షిణాన టాస్మేనియా అనే ద్వీపం ఉంది కదా, దాని ఆగ్నేయ మూలన టాస్మన్ ద్వీపకల్పంలో ఉంటుంది. నేను భీమిలిలో పుట్టాను. పదిహేనేళ్లకు పైగా టాస్మేనియా రాజధాని హోబార్ట్‌లో ఉంటున్నాను. పదకొండేళ్లలో తొమ్మిదిసార్లు షిప్‌స్టర్న్‌కి వెళ్లాను. నీళ్లలోకి దిగింది నాలుగుసార్లు. మిగతా ఐదుసార్లు బోర్డు మోసుకుంటూ వెళ్లి, బోర్డు మోసుకుంటూ తిరిగొచ్చాను. ఇవాళ ఎక్కువగా ఆ ఐదుసార్ల గురించే మాట్లాడాలని ఉంది.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్తాను. హోబార్ట్ నుంచి పోర్ట్ ఆర్థర్ వైపు గంటన్నర ప్రయాణం. పోర్ట్ ఆర్థర్ అంటే 1830 నుంచి 1877 దాకా బ్రిటిష్ వాళ్లు ఖైదీలను ఉంచిన చోటు. మన అండమాన్ జైలు లాగే, పారిపోదామన్నా చుట్టూ సముద్రమే. దారిలో ఈగిల్‌హాక్ నెక్ అని ఒక సన్నటి నేల వస్తుంది. ఖైదీలు దాటకుండా అక్కడ వరసగా కుక్కల్ని కట్టేసి కాపలా పెట్టేవారట. అది దాటి, పెద్ద రోడ్డు వదిలి, పల్లె దారిన పోతే ఒక చిన్న కార్ పార్కింగ్ దగ్గర దారి ఆగిపోతుంది. అక్కడి నుంచి నడకే. యూకలిప్టస్ అడవిలో బోర్డు, వెట్ సూట్ (చలి నీళ్లలో వేసుకునే రబ్బరు దుస్తులు), తిండి, నీళ్లు మోసుకుంటూ దాదాపు రెండు గంటలు నడవాలి. చివర్లో బాగా నిటారుగా దిగాలి. దిగేటప్పుడు సంతోషంగానే ఉంటుంది. వచ్చేటప్పుడు తడిసిన వెట్ సూట్‌తో అదే దారి ఎక్కాలన్న సంగతి అప్పుడు గుర్తుండదు. ఇంకో మార్గం పోర్ట్ ఆర్థర్ నుంచి పడవలో రావడం, సుమారు 30 కిలోమీటర్లు.

కిందికి దిగాక తల ఎత్తి చూస్తే ఓడ వెనకభాగం లాంటి కొండ, దాని కాళ్ల దగ్గర ఇళ్లంత బండరాళ్లు. పక్కన కొంచెం దూరంలో కేప్ రావుల్ అనే భూశిరం. డోలరైట్ అనే రాయి స్తంభాలు స్తంభాలుగా సముద్రంలో నిలబడి ఉంటుంది. దక్షిణానికి తిరిగి నిలబడితే ఎదురుగా అంటార్కిటికా దాకా, సుమారు 2,500 కిలోమీటర్లు, నీళ్లు తప్ప ఏమీ లేవు. నీళ్లు చలికాలంలో 12 డిగ్రీల దగ్గర ఉంటాయి. మన విశాఖ నీళ్లకి అలవాటుపడ్డ ఒంటికి అది మొదట చలిలా కూడా అనిపించదు, నొప్పిలా అనిపిస్తుంది.

ఈ కెరటం ఎక్కడ పుడుతుందో తెలిస్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. భూగోళం మీద దక్షిణాన 40 డిగ్రీల అక్షాంశం దాటాక పడమటి గాలులకి అడ్డుపడే నేల దాదాపు లేదు. నావికులు ఆ గాలులకి 'గర్జించే నలభైలు' అని పేరు పెట్టారు. హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలో తుపాను లేస్తే, ఆ గాలి రోజుల తరబడి నీటిని తోస్తూనే ఉంటుంది. అక్కడ పుట్టిన అలల్లో కొన్ని తూర్పుకి, టాస్మేనియా వైపు వెళ్తాయి. కొన్ని ఉత్తరానికి తిరుగుతాయి. ఉత్తరాన ఎవరున్నారు? మనమే ఉన్నాం.

కేరళలో దీన్ని 'కల్లక్కడల్' అంటారు. దొంగలా వచ్చే సముద్రం అని అర్థం. ఆకాశంలో మబ్బు ఉండదు, గాలి ఉండదు, ఉన్నట్టుండి సముద్రం పైకి వచ్చేస్తుంది. దీని మీద మన దేశంలో హెచ్చరికలు ఇచ్చే సంస్థ ఇన్‌కాయిస్. అది ఉన్నది సముద్రం లేని హైదరాబాదులో. 2024 మే నెలలో కన్యాకుమారి జిల్లాలో ఐదుగురు వైద్య విద్యార్థులు ఒడ్డునే కొట్టుకుపోయి చనిపోయారు. ఆ సమయానికి ఇన్‌కాయిస్ హెచ్చరిక అమల్లో ఉంది. ఆ పిల్లలు సర్ఫింగ్‌కి వెళ్లలేదు, సరదాగా నీళ్లలో కాళ్లు తడుపుకుందామని వెళ్లారు. అందుకే సర్ఫింగ్ చేసే ప్రతి ఒక్కరూ అల పుట్టిన చోటు గురించి తెలుసుకోవాలని నేను పట్టుబడతాను. ఇది పుస్తకాల చదువు అనుకోకండి.

చిన్న లెక్క చెప్తాను, భయపడకండి. మీరు సముద్ర సూచన చూసినప్పుడు అల ఎత్తు ఒక్కటే చూస్తారు. దాని పక్కన ఇంకో అంకె ఉంటుంది, సెకన్లలో. ఒక కెరటం శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య సమయం అది. ఆ అంకెను దానితోనే గుణించి, వచ్చినదాన్ని 1.56తో గుణిస్తే లోతైన నీటిలో కెరటాల మధ్య దూరం మీటర్లలో వస్తుంది. 8 సెకన్ల అలకి సుమారు 100 మీటర్లు. 16 సెకన్ల అలకి 400 మీటర్లు. సెకన్లు రెట్టింపయితే దూరం నాలుగు రెట్లు అవుతుంది. ఆ దూరంలో సగం లోతు దాకా అల నేలను తాకుతుంది. అంటే 8 సెకన్ల అల 50 మీటర్ల లోతు దగ్గర నేలను తాకితే, 16 సెకన్లది 200 మీటర్ల లోతు దగ్గరే తాకుతుంది. ఎత్తు రెండు మీటర్లే అని రెండిటికీ రాసి ఉండొచ్చు. కానీ అవి రెండూ ఒకటి కావు. రెండోదాని వెనకాల ఒక మహాసముద్రం బరువు ఉంటుంది.

ఇక ఒడ్డు సంగతి. మన దగ్గర అడుగున ఇసుక ఉంటుంది, నేల మెల్లగా మెరక అవుతుంది. అల ముందుగానే నెమ్మదించి, పైన నురగ కట్టి, కొంచెం కొంచెంగా విరుగుతుంది. పడితే ఇసుక. షిప్‌స్టర్న్‌లో అలా ఉండదు. లోతు నీటిలోంచి ఒక రాతి పలక హఠాత్తుగా లేస్తుంది. కెరటానికి నెమ్మదించే వ్యవధి దొరకదు. కింది భాగం రాతికి తగిలి ఆగిపోతే, పై భాగం అదే వేగంతో ముందుకు విసిరేసినట్టు పడుతుంది. ముందున్న నీటినంతా లోపలికి లాగేసుకుంటుంది. ఆ రాయి చదునుగా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. అందుకని కెరటం ముఖం మీద కూడా మెట్లు లేస్తాయి.

ఈ మెట్ల వల్లే షిప్‌స్టర్న్‌కి పేరొచ్చింది. ఊహించుకోండి. మీరు కెరటం మీద లేచి నిలబడ్డారు, కిందికి జారుతున్నారు, అంతా సవ్యంగా ఉంది. సగం దిగాక మీ కాళ్ల కిందున్న నీళ్లు విరిగి, ఒక అరుగులా పక్కకు లేస్తాయి. అరుగు అంచు నుంచి కిందికి మళ్లీ నిటారు గోడ. మీరు గాలిలోకి లేచి, కింది నీటి మీద బోర్డుతో సహా పడి, ఆ అదురు మోకాళ్లలో ఇముడ్చుకుని, ఆగకుండా కుడివైపు సాగిపోవాలి. వెనక పైకప్పులాగా నీళ్లు పడుతుంటాయి. ఒక ఘనపు మీటరు సముద్రపు నీరు టన్ను పైనే బరువుంటుంది. అలాంటి ఎన్ని ఘనపు మీటర్లు ఒకేసారి పడుతున్నాయో లెక్కపెట్టే తీరిక అప్పుడు ఉండదు. మెట్టు ప్రతి కెరటంలోనూ ఒకే చోట రాదు. కొన్నిసార్లు ఒకటి, కొన్నిసార్లు రెండు మూడు. ముందే తెలిసే దారి లేదు. దగ్గర కూర్చుని చాలాసేపు చూస్తే మాత్రం, కెరటం ఏ వైపు నుంచి వస్తే మెట్టు ఎక్కడ లేస్తుందో కొంత అర్థమవుతుంది.

1997 ప్రాంతంలో ఆండీ కాంప్‌బెల్ అనే టాస్మేనియా కుర్రాడు అక్కడ సర్ఫింగ్ చేశాడు, ఒంటరిగా. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. పడితే తీసుకురావడానికి పక్కన జెట్ స్కీ, అంటే నీటి మీద నడిచే మోటారు బండి, లేదు, ఒడ్డున మనిషి లేడు. ఆ తర్వాత కొన్నేళ్లు ఆ చోటు గురించి బయటివాళ్లకి పెద్దగా తెలియదు. 2001లో కీరన్ పెరో, మార్క్ మాథ్యూస్ లాంటి ఆస్ట్రేలియా సర్ఫర్లు కాంప్‌బెల్‌తో కలిసి వెళ్లారు, ఫొటోలు పత్రికల్లో వచ్చాయి, ప్రపంచానికి తెలిసిపోయింది. మార్టీ పారడైసిస్ లాంటి స్థానిక సర్ఫర్లు ఆ కెరటాన్ని ఏళ్ల తరబడి చదివారు. 2019 మేలో అక్కడ ఒక పెద్ద పోటీ కూడా జరిగింది. అలాంటి పోటీలకు ముందుగా తేదీ ఖాయం చెయ్యరు. సరైన అల వచ్చేదాకా ఎదురుచూస్తారు. సముద్రమే తేదీ చెప్పే పద్ధతి నాకు చాలా ఇష్టం.

సరే, నా సంగతికి వస్తాను. మొదటిసారి వెళ్లినప్పుడు కొండ మీద నుంచే చూశాను. పై నుంచి చూస్తే తెల్లటి నురగ గీత, అంతే. చిన్నగానే ఉందనిపించింది. తర్వాత ఆ నురగ పక్కన ఒక పడవ కనిపించింది. ఆ పడవతో పోల్చి చూసుకున్నాక నా కాళ్లలో బలం పోయింది.

రెండోసారి కిందికి దిగాను. నాతో ఇద్దరు స్నేహితులు, ఇద్దరూ అక్కడ అనుభవం ఉన్నవాళ్లే. వాళ్లు దిగారు. నేను బండ మీద కూర్చున్నాను. పొద్దున తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాకా నాలుగు గంటలు కూర్చున్నాను. మొదటి గంట భయంతోనే సరిపోయింది. రెండో గంటలో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పెద్ద కెరటాలు గుంపుగా వస్తున్నాయి. ఒక గుంపులో నాలుగో ఐదో ఉంటున్నాయి. గుంపుకీ గుంపుకీ మధ్య పన్నెండు నిమిషాలు, ఒక్కోసారి పద్దెనిమిది. గుంపులో మొదటిది చూడ్డానికి ఎంత అందంగా ఉందో, అంత అన్యాయంగా విరుగుతోంది. మూడోది చక్కగా తెరుచుకుంటోంది. మూడో గంటలో పడిపోయినవాళ్లు ఎక్కడ పైకి తేలుతున్నారో చూశాను. నీళ్లు వాళ్లని ఎటు లాక్కెళ్తున్నాయి, జెట్ స్కీ ఏ పక్క నుంచి లోపలికి వస్తోంది, ఎక్కడ ఆగుతోంది. నాలుగో గంటలో నాకు ఒక విషయం ఖాయంగా తెలిసింది. ఆ రోజు ఆ కెరటం నా స్థాయికి మించినది. ఒక్కసారి తెలిశాక మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను.

ఆ బండ మీద నాకు మా నాన్న గుర్తొచ్చారు. మాది చేపల వేట చేసే ఇల్లు. నాన్న తెప్ప మీద వేటకెళ్లేవారు. తెప్ప అంటే ఇక్కడ చాలామందికి తెలుసు, దుంగలు తాళ్లతో కట్టింది. ఒడ్డున విరిగే కెరటాలు దాటితేనే వేట, తిరిగొచ్చేటప్పుడు ఆ కెరటాల మీదే జారుతూ ఇసుకకి చేరాలి. ఆలోచిస్తే అది కూడా సర్ఫింగే. నాన్న తెల్లవారుజామున లేచి ఇసుకలో గొంతుక్కూర్చునేవారు. తెప్ప పక్కనే ఉన్నా ముట్టుకునేవారు కాదు. నేను పక్కన కూర్చుని ఇసుకతో ఆడుకునేవాణ్ణి. అరగంట, ముప్పావుగంట. కొన్ని రోజులు లేచి, "ఇవాళ వద్దురా, పద" అని ఇంటికి వచ్చేసేవారు. ఆ రోజు ఇంట్లో డబ్బుండదు. అమ్మ ఒక్కమాట అనేది కాదు. నాన్న ఏం చూసేవారో ఎప్పుడూ నాకు వివరంగా చెప్పలేదు. నేను కూడా అడగలేదు. ఎక్కడో భూగోళం అడుగున బండ మీద కూర్చుని కెరటాలు లెక్కపెడుతుంటే అప్పుడు తెలిసింది, నాన్న చేసింది ఇదేనని.

'అనుభవం ఉన్న సర్ఫర్లకు మాత్రమే' అని కొన్ని చోట్ల గురించి రాస్తారు. మీలో కొందరు దాన్ని సవాలులా చదువుతారు, నాకు తెలుసు, మీ వయసులో నేనూ అలాగే చదివాను. అనుభవం అంటే ఎన్నేళ్లు చేశావు, ఎంత ఎత్తు కెరటం ఎక్కావు అని లెక్కేస్తాం. షిప్‌స్టర్న్ లాంటి చోట అది చాలదు.

ఒక సంఘటన చెబుతాను. టాస్మేనియాలోనే ఇంకో రాతి రీఫ్ (నీటి కింది రాతి మెరక) మీద, షిప్‌స్టర్న్‌లో సగం కూడా లేని కెరటం మీద నుంచి పడ్డాను. నీళ్ల కింద గుండ్రంగా తిప్పేసింది. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. బోర్డు తాడు కాలికి బిగుసుకుని లాగుతోంది. ఎంతసేపు లోపల ఉన్నానని అడిగితే నిమిషం అని చెప్పేవాణ్ణి. స్నేహితుడు తీసిన వీడియోలో చూస్తే పదిహేను సెకన్లు. పైకి వచ్చాక చూసుకుంటే తొడ మీద బోర్డు అడుగున ఉండే రెక్క కోసేసి ఉంది, రక్తం ఆగడం లేదు. స్నేహితుడు తన బోర్డు తాడు విప్పి గాయానికి పైన గట్టిగా బిగించి కట్టాడు. కారు దగ్గరికి నలభై నిమిషాల నడక. ఇరవై మూడు కుట్లు పడ్డాయి. ఆ నలభై నిమిషాలూ నేను ఒక్కటే ఆలోచించాను. ఇదే షిప్‌స్టర్న్ అయితే రెండు గంటలు, అదీ కొండ ఎక్కుతూ.

దూరం అన్నది ఇక్కడ అసలు ప్రమాదం. మీరు రుషికొండలో పడితే ఒడ్డున లైఫ్‌గార్డులు ఉంటారు, రోడ్డు మీద ఆటో దొరుకుతుంది, కాసేపట్లో ఆసుపత్రి. అక్కడ ఫోన్ సిగ్నల్ మీద కూడా ఆశ పెట్టుకోకూడదు. అక్కడ చలికాలం పగలు తొమ్మిది గంటలే. ఐదులోపు చీకటి పడుతుంది. మూడు గంటలకి ఒక కాలు విరిగితే, ఆ మనిషిని చీకట్లో అడవి దారిన మోసుకురావాలి. అందుకని అక్కడికి వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు ఇంట్లో సమయం చెప్పి వెళ్తారు. రక్తం ఆపే కట్లు సంచిలో పైనే పెట్టుకుంటారు. గాలి నిండే చొక్కాలు వేసుకుంటారు, లాగితే ఉబ్బి మనిషిని పైకి తేలుస్తాయి. ఊపిరి బిగబట్టే సాధన చేస్తారు. ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ సాధన నీళ్లలో ఒంటరిగా ఎప్పుడూ చెయ్యకండి. ఈత కొలనులో, లోతు లేని నీళ్లలో కూడా స్పృహ తప్పి చనిపోయినవాళ్లున్నారు. పక్కన చూస్తూ ఒక మనిషి ఉండాల్సిందే. జెట్ స్కీ నడిపేవాడు సర్ఫింగ్ చేసేవాడి కన్నా తక్కువ కాదు, నన్నడిగితే ఎక్కువే. ఫొటోలో అతను కనిపించడు. ఫొటోలో ఉన్నవాడు ఇంటికి చేరేది మాత్రం అతని వల్లే.

నేను దిగిన నాలుగుసార్లలో ఒక్కసారి మెట్టు దాటాను. అది చిన్న రోజు, అక్కడి లెక్కలో చిన్నది. గుంపులో మొదటిదాన్ని వదిలేశాను, రెండోదాన్ని వదిలేశాను, మూడోదానికి తిరిగాను. కాళ్ల కింద నీళ్లు అరుగులా లేచాయి. గాలిలో ఉన్నంతసేపు ఏ చప్పుడూ వినిపించలేదు. బోర్డు నీళ్లకి తగిలినప్పుడు వెన్నెముక దాకా అదిరింది. పడలేదు. కెరటం అయిపోయాక నీళ్లలో కూర్చుని ఏడ్చాను. స్కీ మీద స్నేహితుడు కంగారుపడి దెబ్బ తగిలిందా అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి నాన్నకి చెప్పాను. అంతా విని, "ముందెంతసేపు చూశావు?" అని అడిగారు. రెండు గంటలు అన్నాను. "ఊఁ" అన్నారు.

ఆ తర్వాత కూడా మూడుసార్లు వెళ్లి దిగకుండా వచ్చాను. ఒకసారి గాలి తిరిగింది. ఒకసారి నాకు రాత్రి నిద్ర సరిగా లేదు. ఒకసారి అన్నీ బాగానే ఉన్నాయి, మనసు మాత్రం ఒప్పుకోలేదు, ఎందుకో ఇప్పటికీ తెలియదు. మూడుసార్లూ నాతో వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా ఎందుకు దిగలేదని అడగలేదు. అలాంటి స్నేహితులు దొరికితేనే అలాంటి చోట్లకి వెళ్లండి. దిగమని ఎగదోసేవాడితో, వీడియో తీస్తా పద అనేవాడితో వెళ్లకండి. నీళ్లలోకి వెళ్లకముందే మీ మీద ఒత్తిడి పెట్టే మనిషి, నీళ్లలో మిమ్మల్ని కాపాడడు.

మన తూర్పు తీరంలో షిప్‌స్టర్న్ లేదు. అలాంటిది లేదని మీరు దిగులుపడనక్కర్లేదు. మన దగ్గర జూన్, జూలైలో వచ్చే అలలకీ, తుపాను ముందు వచ్చే వాటికీ తేడా చూడండి. ఒకే బీచ్‌లో ఇసుక దిబ్బలు రుతువుకొక చోటికి జరుగుతాయి, అల విరిగే చోటు కూడా దాంతోపాటు జరుగుతుంది. నీళ్లు వెనక్కి లాగే పాయ ఎక్కడుందో ఒడ్డు నుంచి కనిపెట్టండి. అక్కడ అలలు సరిగా విరగవు, నీళ్ల రంగు కొంచెం మారి ఉంటుంది. కొత్తవాళ్లు అదే ప్రశాంతంగా ఉందనుకుని దిగుతారు. జాలరిపేటలో పెద్దవాళ్ల పక్కన కూర్చుని అడగండి. మీ యాప్‌లో లేనిది వాళ్లు చెబుతారు. నేను అడగాల్సిన వయసులో అడగలేదు, మీరు అడగండి.

పొద్దున మీ పరుగు గురించి చెప్తానన్నాను. మీరు నీళ్లలోకి దూకిన ఆరేడు నిమిషాలకి కెరటాల గుంపు ఒకటి వచ్చింది, ఎడమవైపు ముగ్గురు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒకమ్మాయి బోర్డు ఇంకో అబ్బాయి చెవి పక్క నుంచి పోయింది. నేను ఒడ్డున లేచి నిలబడ్డాను. ఏమీ కాలేదు, ముగ్గురూ నవ్వుకుంటూ మళ్లీ వెళ్లారు. ఆ ముగ్గురూ ఇక్కడే ఉన్నారు, నేను చూస్తూనే ఉన్నాను.

ఇంకా ప్రశ్నలుంటే టీ తాగుతూ మాట్లాడుకుందాం. రేపు పొద్దున ఐదున్నరకి నేను రుషికొండలో ఉంటాను, రాగలిగినవాళ్లు రండి. బోర్డులు తెచ్చుకోండి, కానీ ఇసుక మీద పెట్టేయండి. మొదటి ముప్పావుగంట నా పక్కన కూర్చుని గుంపులో ఎన్ని వస్తున్నాయో, వాటి మధ్య ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్కపెడదాం. ఒక పుస్తకం, పెన్ను ఉంటే తెచ్చుకోండి.